కొండకైనా, ఎడారికైనా, ఏటికైనా: క్షేమంగా వెళ్ళి రండి
(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



వార్డు బయట వరండాలో కూర్చున్న మీలో చాలామంది ఒక మాట అనుకుంటూ ఉంటారు. "మావాడు కోలుకుంటే అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళి వద్దాం" అని. ఆ కోరిక మంచిదే. నలుగురితో కలిసి నడవడం, కొండగాలి పీల్చడం శరీరానికీ మనసుకూ మేలు చేస్తాయి. కనుక ఈరోజు వెళ్ళవద్దని చెప్పడానికి రాలేదు. వెళ్ళినవాళ్ళందరూ ఇంటికి తిరిగి రావాలంటే ఏమి చేయాలో చెప్పడానికి వచ్చాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుంపుగా వెళ్ళినప్పుడు "ఇక ఆగుదాం, వెనక్కి వెళ్దాం" అని అనే మనిషి ఒకరు ఉండాలి. ఆ మాటను మిగతావాళ్ళు గౌరవించాలి. ఒంటరిగా ఉంటే జాగ్రత్తపడే మనిషి కూడా నలుగురిలో ఉన్నప్పుడు పిరికివాడంటారేమోనని ముందుకు వెళ్తాడు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఏటి సంగతి చూద్దాం. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోని రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ డ్యామ్ నుండి నీళ్ళు వదిలారు. చూస్తుండగానే ప్రవాహం పెరిగింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ పిల్లలు ఈతకు దిగలేదు. పొడిగా ఉన్న రాయి మీదనే నిలబడ్డారు. కనుక పైన ఆనకట్ట ఉన్న నదిలో, ఎండిపోయినట్లు కనిపించినా, ఊరివాళ్ళను అడగనిదే అడుగు పెట్టవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. వరద రోజుల్లో పడవ ఎక్కడం మానుకోండి. మామూలు రోజుల్లో కూడా లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు. ఇచ్చిన జాకెట్ ఒళ్ళో పెట్టుకోకుండా తొడుక్కుని బిగించుకోండి.

మునిగిపోయేవాడు చాలాసార్లు కేకలు వేయలేడు. నోరు నీటిపైకి వచ్చిన క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు. అతన్ని చూసి వెంటనే మీరు దూకకండి. ఒకరి వెంట ఒకరు దూకి ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోవడం మనం వింటూనే ఉన్నాం. తాడు విసరండి, చీర విసరండి, పొడవాటి కర్ర అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను కూడా మనిషిని తేలుస్తుంది.

బయటకు తీశాక తలకిందులుగా ఎత్తడం, పొట్ట నొక్కడం మన ఊళ్ళలో అలవాటు. దయచేసి అలా చేయకండి. దానివల్ల కడుపులోనివి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన సమయమూ పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస ఉందా అని చూడండి. లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయండి. మరొకరు తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 2 సార్లు ఊపిరి ఊదండి. తరువాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, త్వరగా నొక్కండి. మళ్ళీ 2 సార్లు ఊదండి. సహాయం వచ్చేదాకా ఆపకండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురావాలి. కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం రావచ్చు.

ఇక కొండలు. లేహ్, కేదార్‌నాథ్ రెండూ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ ఒక్కొక్క శ్వాసలో అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. విమానంలో లేహ్‌లో దిగినవాళ్ళు మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ సంగతి మీకు తెలుసు. అంతటి శిక్షణ ఉన్నవాళ్ళు కూడా ఎత్తుకు అలవాటు పడటానికి కొన్ని వారాలు తీసుకుంటారు. మరి మనకు తొందరెందుకు?

ఎత్తుకు వెళ్ళాక తలనొప్పి, వాంతి, నీరసం వస్తే అది ఎత్తు వలననే అనుకోండి. తగ్గేదాకా ఇంకా పైకి వెళ్ళవద్దు. కూర్చున్నా ఆయాసం రావడం, నురగతో దగ్గు, తూలుతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే కిందికి దించాలి. తెల్లవారేదాకా ఆగవద్దు. ఆక్సిజన్ సిలిండరు దొరికినా దిగడం మానవద్దు. గుండె జబ్బు, ఆస్తమా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందుగా డాక్టరును అడిగి, ఆయన వద్దంటే ఆగిపోవాలి.

మూడవది ఎడారి. జైసల్మేరు చూడటానికి వెళ్ళేవాళ్ళు మీలో ఉంటారు. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్, కడప పిల్లలు సెలవు రోజున స్నేహితులతో ఇసుక తిన్నెల మీదికి వెళ్తుంటారు. ఫోనులో వాళ్ళకు ఈ మాట చెప్పండి. బండి ఇసుకలో దిగబడితే దాన్ని వదిలి నడిచి వెళ్ళవద్దు. బండి నీడనిస్తుంది, వెదికేవాళ్ళకు దూరం నుండి కనబడుతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో గదిలో ఉన్నవాళ్ళకు చెప్పి వెళ్ళాలి.

ఎండలో తిరిగినవాడు పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. పారాసెటమాల్ పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు. అంబులెన్సు వచ్చేదాకా తడుపుతూనే ఉండండి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవాళ్ళు ఎండలో త్వరగా నీరసిస్తారు. ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్ సీసాను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు, అది పాడైపోతుంది.

చివరిగా, ఇల్లు కదలక ముందే చేయవలసిన పని ఒకటుంది. "ఆగుదాం అని ఎవరు అన్నా అందరం ఆగాలి" అని ఒప్పందం చేసుకోండి. అది పదేళ్ళ పిల్ల అన్నా సరే, ముసలి అత్తగారు అన్నా సరే. మద్యం తాగినవాళ్ళను నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి. వాటి చీటీ కూడా వెంట ఉంచుకోండి.

కొండ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. నది కూడా ఉంటుంది. మనవాళ్ళు మన పక్కన ఉంటే మళ్ళీ వెళ్ళవచ్చు.

మీ రోగులు త్వరగా కోలుకోవాలని, మీరందరూ కలిసి సంతోషంగా ప్రయాణం చేయాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.