పెరట్లో కట్టిన ఛాసిస్



రిటైరయ్యాక ఏం చేస్తున్నారో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మా ఆవిడని అడిగితే ఒక్క మాటలో చెప్పేస్తుంది: "పెరడంతా ఇనుముతో నింపారు" అని. నేను ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌ని. సర్వీసంతా బండ్లు బాగుచేశాను గాని, ఒక్క బండినీ మొదటినుంచి కట్టలేదు. ఆ కోరిక మిగిలిపోయింది.

ఒకరోజు మా మేనల్లుడు హాట్ రాడ్ బొమ్మ చూపించి, "మామయ్యా, ఇలాంటిది మనం చెయ్యలేమా?" అన్నాడు. హాట్ రాడ్ అంటే పాత కారు బరువు తగ్గించి, ఎత్తు దించి, ఇంజను బలం పెంచి కట్టుకునే బండి. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లను ఇలా మార్చి, ఎండిపోయిన మురాక్ సరస్సు నేల మీద పరిగెత్తించేవారు. ఆ నేలే తరవాత ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో భాగమైంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, అక్కడ నేర్చిన పనితనంతో ఈ సరదాని ఇంకా పెంచారు. వీధుల్లో పందేలు ఆపి, నియమాలతో సురక్షితమైన చోట జరపాలని 1951లో సంఘం పెట్టిన వాలీ పార్క్స్ కూడా సైన్యంలో పనిచేసినవాడే. ఇది తెలిశాక నాకు హుషారు వచ్చింది.

పాత సామాన్ల దుకాణంలో జీపు యాక్సిల్స్, ఇంజను, గేరుబాక్సు దొరికాయి. ఛాసిస్ మాత్రం కొత్తగా కట్టాలి. 100 బై 50 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రాకారపు గొట్టం, 3 మిల్లీమీటర్ల మందంది తెచ్చాను.

మొదటి పని కోత కాదు, నేల. పెరట్లో రెండు ఇనుప దూలాలు వేసి, మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూశాను. మధ్యలో దారం కట్టి, తూకం గుండు వేలాడదీశాను. తరవాత చక్రాలు, యాక్సిల్స్ వాటి ఎత్తులో నిలబెట్టి, వాటి మధ్య ఛాసిస్ గీసుకున్నాను. బండి కిందికి దిగాలంటే వెనక యాక్సిల్ మీదుగా గొట్టం పైకి లేవాలి. అక్కడ కోసి అతికించాక, పక్కన అదనపు పలక వెయ్యాలి. బరువంతా పడేది ఆ అతుకు మీదే. మధ్యలో ఎక్స్ ఆకారంలో అడ్డ కమ్మీలు కూడా కావాలి. అవి లేకపోతే, ఒక కోడు గుంటలో పడ్డ నులక మంచంలా ఛాసిస్ మెలితిరుగుతుంది.

ఇవన్నీ తెలిసి కూడా తప్పు చేశాను. పండక్కి మేనల్లుడు వస్తున్నాడని తొందర. టాక్ వెల్డింగ్ అయ్యాక, ఎడమవైపు అతుకులన్నీ ఒకే దమ్ములో చేసేశాను. వేడెక్కిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుని, తనవైపుకి లాగుతుంది. అందుకే కొంచెం ఇటు, కొంచెం అటు వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి. కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు! మూలనుంచి మూలకి కొలిస్తే రెండు కొలతలకి తేడా 9 మిల్లీమీటర్లు వచ్చింది. 3 దాటితే నేను ఒప్పుకోను. ఛాసిస్ ఇలా వంకరపోతే, యాక్సిల్ అడ్డంగా తిరిగి బండి పీతలా నడుస్తుంది, బ్రేకు వేస్తే పక్కకి లాగుతుంది.

అయినా "స్ప్రింగులు బిగించేటప్పుడు సర్దుకుంటుందిలే" అనుకున్నాను. రంగు కూడా కొన్నాను. అప్పుడే నాకు పని నేర్పిన ఉస్తాద్ గారు మా ఇంటికొచ్చారు. డెబ్బై దాటాయి ఆయనకి. టేపు తీసి కొలిచి, ఒక్క ప్రశ్న అడిగారు. "ఏమయ్యా, ఈ బండిని కాన్వాయ్‌లో పంపడానికి సంతకం పెడతావా?"

"పెట్టను ఉస్తాద్" అన్నాను.

"మరి మేనల్లుణ్ణి ఎక్కిస్తావా?"

తల దించుకున్నాను. ఆయన వెళ్లాక గ్రైండర్ తీసి, అతుకులు కోసేశాను. నెల రోజుల పని పోయింది. మళ్లీ కట్టేసరికి తేడా 2 మిల్లీమీటర్లకి వచ్చింది. పండక్కి వచ్చిన మేనల్లుడికి కోసిన ముక్కలే చూపించాను. వాడు కొంచెం నిరాశపడ్డాడు గాని, రెండోసారి కట్టేటప్పుడు టేపు రెండో చివర పట్టుకున్నది వాడే.

ఇక్కడున్న యువకులకి ఇంకో మాట. ఈ బండిని నేను రోడ్డెక్కించను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. మా బండి మా మామిడితోటలో తిరుగుతుంది, అంతే. మొదట్లో బాధేసింది. కాని యూనిఫాం తీసేసినంత మాత్రాన చట్టం మనకి వేరే అవదు కదా.

యూనిట్‌లో ఉన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ చెయ్యడానికి ఎవరో ఒకరు వచ్చేవారు. ఇంటికొచ్చాక ఎవరూ రారు. రంగు వేస్తే వెల్డింగ్ ఎవరికీ కనపడదు. అందుకే పని తెలిసినవాణ్ణి ఒకణ్ణి పిలిచి చూపించండి. ఆయన తప్పంటే కోపం తెచ్చుకోకండి. మా ఉస్తాద్ గారు ఆరోజు రాకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.