ఒక్క మార్పు, వేయి బోర్డులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం వినడం మన ఆచారం. ఈమారు మా వృత్తిని గూర్చి కూడ నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గంవారు కోరినారు. మా పని కంటికి కనబడేది కాదు. మన ఇళ్లలోని పిల్లలు చాలమంది చిక్కబళ్లాపురంనుంచి బెంగుళూరికి పోయి ఇదే పని చేస్తున్నారు. వారు రాత్రి ఇంటికి వచ్చి “ఈ రోజు బిల్డు చెడిపోయింది” అని దిగులుగా అంటే, ఎక్కడో కట్టడం కూలింది కాబోలునని పెద్దలు కంగారుపడడం కద్దు. ఆ దిగులు ఎక్కడిదో, దానికి విరుగుడేమిటో మనవి చేస్తాము.

బాగేపల్లి దగ్గర చేనిలో బోరుబావికి పెట్టిన స్టార్టరును చూడండి. అందులో సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటినుంచే ఫోను చేసి మోటారు వేస్తాడు. మూడు ఫేజులలో ఒకటి పోయినా, బోరులో నీళ్లు తగ్గినా, ఆ స్టార్టరే మోటారును ఆపివేస్తుంది. చింతామణి మార్కెట్టులో టొమాటోలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలోను, పాల సంఘంలో వెన్నశాతం చూచే యంత్రంలోను ఇట్లాంటి బుద్ధి కొంత దాగి ఉన్నది. వీటి లోపల వేలెడంత చిప్పు ఒకటి, దానిని మోసే బోర్డు ఒకటి ఉంటాయి. ఆ చిప్పు ఏమి చేయవలెనో చెప్పే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. మనిషి వ్రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే అంకెలలోకి మార్చే సాధనం కంపైలరు. అట్లా మార్చి తయారుచేయడమే బిల్డు.

ఇందులో చిక్కేమనగా, బోర్డులు ఒక్క రకం కావు. ఆర్మ్, మిప్స్, రిస్క్-ఫైవ్ అని చిప్పులలో జాతులున్నాయి. ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. కైవారం తాతయ్యగారు తెలుగులోను కన్నడంలోను తత్వాలు చెప్పినారు. రెండు భాషలకూ భావం ఒకటే అయినా, తెలుగు ప్రతిలో తప్పు లేదని తేలినంత మాత్రాన కన్నడ ప్రతి సరిగా ఉన్నదని చెప్పలేము. దానిని కూడ విడిగా చదివి చూడవలసిందే. ఫర్మ్‌వేర్ సంగతీ ఇంతే. మూలం ఒకటి, ప్రతులు అనేకం.

ఒక ఉదాహరణ ఊహించుదాము. ఒక స్టార్టరులో పాత నమూనా, కొత్త నమూనా ఉన్నవనుకొనండి. పాతదాని చిప్పులో ప్రోగ్రాముకు 32 కిలోబైట్ల చోటు మాత్రమే ఉన్నది. కొత్త నమూనా కోసం, తెలుగులోను కన్నడంలోను సందేశాలు పంపే సదుపాయాన్ని ఉమ్మడి ప్రోగ్రాములో చేర్చినారు. కొత్తదానిలో అది హాయిగా పనిచేసింది. పాతదానికి మాత్రం ప్రోగ్రాము ఆ 32 కిలోబైట్లు దాటిపోయి బిల్డు కాకుండా నిలిచిపోయింది. ఆ రోజున పాత నమూనాను ఎవరూ బిల్డు చేసి చూడకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆరు నెలల తరువాత, ఫేజు పోయినప్పుడు మోటారును ఆపడంలో ఒక లోపం బయటపడి, అన్ని స్టార్టర్లకూ దిద్దుబాటు పంపవలసి వచ్చినదనుకొనండి. కొత్తవాటికి ఆనాడే వెళ్లుతుంది. పాతవాటికి వెళ్లదు, ఎందుకనగా వాటి ప్రోగ్రాము తయారుకాక అప్పటికే ఆరు నెలలైనది. పాత స్టార్టరు ఉండేది ఎవరి చేనిలో? కొత్తది కొనలేని రైతు చేనిలోనే గదా! వేయి అడుగుల బోరులో మోటారు కాలిపోతే, దానిని పైకి తీయించడానికి అయ్యే ఖర్చు ఎంతో మా కంటె మీకే ఎక్కువ తెలుసు.

కనుక ప్రతి మార్పు తరువాత ప్రతి బోర్డునూ బిల్డు చేసి చూడవలెను. మనిషి చేతితో ఇది కాదు, యంత్రానికే అప్పగించవలెను. ఇందుకు లోకంలో మంచి నిదర్శనం యూ-బూట్ అనే ప్రోగ్రాము. బోర్డుకు కరెంటు రాగానే మొదట లేచి, తక్కిన ప్రోగ్రామును లేపేది ఇదే. జర్మనీ దేశస్థుడు వుల్ఫ్‌గాంగ్ డెంక్ దీనికి మూలపురుషుడు. ఆయన 2022లో పరమపదించినారు. 2002లో ఈ పేరు పెట్టుకొన్న యూ-బూట్ నేడు వేయికి పైబడిన బోర్డు అమరికలను మోస్తున్నది. పూర్వం అన్నింటినీ వరుసగా బిల్డు చేయడానికి ‘మేక్ ఆల్’ అనే స్క్రిప్టు ఉండేది. 2013లో సైమన్ గ్లాస్ అనే ఇంజనీరు ‘బిల్డ్‌మ్యాన్’ అనే కొత్త సాధనాన్ని తెచ్చినారు. కాలక్రమాన పాతది తొలగిపోయినది.

కొత్తదానిలో విశేషమేమిటి? ముందు కాలం లెక్క చూడండి. ఒక్కొక్క బోర్డుకు అర నిమిషం చొప్పున వేయి బోర్డులకు 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. ఒక ఇంజనీరు 20 మార్పులు పంపితే, ఒక్కొక్క మార్పుకు ఇంత కాలం చొప్పున దాదాపు ఏడు రోజులు పడుతుంది. అంత ఆలస్యమైతే ఎంత మంచివాడైనా పరీక్షను దాటవేస్తాడు. బిల్డ్‌మ్యాన్ కంప్యూటరులోని కోర్‌లన్నింటికీ పని పంచుతుంది. 16 కోర్‌లకు సమంగా పంచితే, ఆ 8 గంటల పని దాదాపు 31 నిమిషాలకు దిగుతుంది. ఒక మార్పునుంచి మరొక మార్పుకు పోయేటప్పుడు మొదటినుంచి మొదలుపెట్టక, మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ కంపైలు చేస్తుంది.

రెండవ విశేషం మాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. వేయి బోర్డులను బిల్డు చేస్తే హెచ్చరికలే వేలకొద్దీ వస్తాయి. వాటిలో నిన్నటివి ఏవి, నేటివి ఏవి అని ఎవరు చదువుతారు? బిల్డ్‌మ్యాన్ వెనుకటి ఫలితాన్ని దాచి ఉంచి, ఏ మార్పుతో ఏ బోర్డులో ఏ తప్పు కొత్తగా పుట్టినదో, ఏ పాత తప్పు తొలగినదో అంతమాత్రమే చెప్పుతుంది. ఏ బోర్డులో ప్రోగ్రాము ఎన్ని బైట్లు పెరిగినదో కూడ చూపగలదు. పైన చెప్పిన పాత స్టార్టరు చోటు నిండడానికి ముందే హెచ్చరిక దొరుకుతుంది. చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు రూపొందించిన గేట్లను 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయంలో పెట్టినారు. నీరు మట్టం దాటితే అవి తమంతట తామే తెరుచుకొనేవి. మట్టంలోపల ఉన్నంతకాలం కదిలేవి కావు. పరీక్షా సాధనం గుణం కూడ అట్లా ఉండవలెను. అవసరమైనప్పుడు తప్పక పలకవలెను, అవసరం లేనప్పుడు ఊరకుండవలెను. రోజూ అరిచే కాపలాకుక్కను దొంగ వచ్చిననాడు ఎవరు లక్ష్యపెడతారు?

ఇట్లాంటి సాధనాన్ని ఇంకా బాగుచేయదలచినవారికి మా అనుభవంలో తోచిన నాలుగు మాటలు ఇవి. ఒకటి: మార్పు చేసిన వెంటనే జాతికొక బోర్డు చొప్పున కొన్నింటిని మాత్రం బిల్డు చేసి పది నిమిషాలలో జవాబు ఇవ్వవలెను, మొత్తం వేయింటినీ రాత్రివేళ చేయవలెను. రెండు: తప్పు దొరికితే అది ఏ మార్పుతో వచ్చినదో సగం సగంగా విభజించి వెతకవలెను, నూరు మార్పులున్నా ఏడు ప్రయత్నాలకు మించి అక్కరలేదు. మూడు: ప్రోగ్రాములోకి బిల్డు చేసిన తేదీ ఎక్కకుండ చూడవలెను. తేదీ ఎక్కితే ఒకే ప్రోగ్రాము రోజుకొక విధంగా కనబడుతుంది. ఎక్కకపోతే, రెండు ఫలితాలు బైటు బైటుకూ సరిపోయినప్పుడు ఆ బోర్డుకు ఏ మార్పూ తగలలేదని ధైర్యంగా చెప్పవచ్చును. నాలుగు: ప్రతి బోర్డుకూ బాధ్యుడి పేరు ఉండవలెను, తప్పును గూర్చిన కబురు ఆయనకే చేరవలెను.

అయితే బిల్డు అయినంత మాత్రాన పని అయినట్లు కాదు. జాతకాలు కలిసినంతలో కాపురం నడుస్తుందని చెప్పగలమా? బోర్డు మీద ఎక్కించి, కరెంటు ఇచ్చి, అది లేచినదో లేదో చూడవలెను. ఇందుకోసం నిజమైన బోర్డులను వరుసగా అమర్చి, వాటికి కరెంటు తీసివేయడం, ఇవ్వడం, ఫలితం వ్రాసుకోవడం యంత్రమే చేసే ప్రయోగశాలలు వెలసినాయి. లైనక్స్ కోసం 2014లో మొదలైన కెర్నల్‌సీఐ అట్లాంటి ప్రయోగశాలలను అనేక చోట్లనుంచి కలుపుతున్నది. ఎక్కడో ఒక మూల ఒక్కరి బల్లమీద ఉన్న బోర్డు కూడ అందులో పాలుపంచుకోవచ్చును.

చూచే దిక్కులేని బోర్డు గతి ఏమిటో కూడ చెప్పవలెను. 2018లో లైనక్స్ 4.17నుంచి ఎనిమిది జాతుల ప్రాసెసర్లను ఒక్కసారిగా తొలగించినారు. కొత్త పద్ధతికి మార్చేవారు లేక యూ-బూట్‌నుంచి కూడ చాల బోర్డులు పోయినాయి. ఇందులో దౌష్ట్యం ఏమీ లేదు. వాడేవాడు ఉన్నాడని ఎవరూ చెప్పకపోతే, లేడనే అనుకొంటారు. రోజూ జరిగే బిల్డు పరీక్ష, ఈ బోర్డు ఇంకా బ్రతికే ఉన్నదని లోకానికి చెప్పే సాక్ష్యం. ఆంధ్రంనుంచి వచ్చి ఈ తాలూకాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ మాట తేలికగా అర్థమవుతుంది. జనాభా లెక్కలవాడు వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని మనము చెప్పకపోతే, మన తరఫున ఎవరు వ్రాస్తారు?

మన యువకులకు ఒక్క మనవి. యూ-బూట్, బిల్డ్‌మ్యాన్ రెండూ స్వేచ్ఛగా దొరికేవే; డబ్బు అక్కరలేదు. కాలేజీ ప్రయోగశాల బీరువాలో పాత బోర్డులు దుమ్ముపట్టి ఉంటాయి. ఒకదానిని బయటికి తీసి, దాని పేరు జాబితాలో ఉన్నదో లేదో చూచి, ఒక రాత్రి బిల్డు పెట్టండి. తెల్లవారేసరికి ఫలితం ఉంటుంది. తప్పు కనబడితే దిద్ది, దిద్దుబాటును పదిమందికీ పంపండి. దానివల్ల మేలు పొందేవాడు ఎవరో మీకు తెలియకపోవచ్చు. చీకటిలో చేనికి నడవకుండ, ఇంట్లో కూర్చొని మోటారు వేసుకొనే బాగేపల్లి రైతు ఒకడు కావచ్చును. అతనికి మీ పేరు తెలియనక్కరలేదు; నీరు వస్తే చాలు.