పాత కంప్యూటరు పారవేయకముందు ఒక పెన్‌డ్రైవు
(తనకల్లు విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లల్లో పదేళ్ల నాటి కంప్యూటర్లు చాలానే ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్టు ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేగాని ఎక్కనంటుంది. అంగట్లో అడిగితే "కొత్తది కొనండి సార్" అంటారు. అంటారు మరి, వారి వ్యాపారం అది! పింఛను డబ్బు ఖర్చు పెట్టకముందు లినక్స్‌ను ఒకసారి పరీక్షించి చూడమని నా మనవి. ఉబుంటు, మింట్ వంటివి ఉచితం. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఒకటి తయారు చేసింది.

వీటిని ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా ఇస్తారు. ఒక డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు తీసిన నకలు అది. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, కంప్యూటరు ఎందుకు లేవడం లేదని అడుగుతారు. విత్తన శెనక్కాయల మూట గట్టున పెడితే చేను మొలుస్తుందా? గొర్రుతో సాళ్లలో విత్తాలి గదా! అట్లే ఆ నకలులోనిది ఏది ఎక్కడ ఉండాలో అక్కడ రాయాలి. రూఫస్, ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. 8 జీబీ పెన్‌డ్రైవు చాలు.

దించుకున్న ఫైలు చెడిపోకుండా వచ్చిందా అన్నది ముందు చూసుకోవాలి. చలానాలో మొత్తాన్ని అంకెల్లోను అక్షరాల్లోను రాసేవాళ్లం, రెండూ సరిపోవాలని. ఇక్కడ ఎస్‌హెచ్‌ఏ 256 అనే 64 అక్షరాల గుర్తు ఉంటుంది. వెబ్‌సైటులో ఇచ్చినదీ, మన ఫైలుకు వచ్చినదీ ఒకటే కావాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. రాయడం మొదలైతే పెన్‌డ్రైవులో ముందున్నదంతా చెరిగిపోతుంది. మనవరాలి పెళ్లి ఫోటోలున్నా, సర్వీసు కాగితాల స్కాన్లున్నా అంతే. రూఫస్ మామూలుగా లోపలి హార్డు డిస్కును చూపదు గానీ, రెండు పెన్‌డ్రైవులు తగిలించి ఉంటే పొరబడవచ్చు. కనుక రెండవది తీసివేసి, పేరు, పరిమాణం చదివి, అప్పుడే స్టార్ట్ నొక్కండి. మధ్యలో కరెంటు పోతే కంగారు వద్దు, మళ్లీ మొదటి నుంచి రాయాలి, అంతే.

తరువాత కంప్యూటరు ఆపి, పెన్‌డ్రైవు పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9. తెర మీద "ట్రై" కనిపిస్తే దాన్నే ఎంచుకోండి. హార్డు డిస్కును తాకకుండా పెన్‌డ్రైవు నుంచే నడుస్తుంది, కొంచెం నిదానంగా. "ఇన్‌స్టాల్" జోలికి ఆనాడే పోవద్దు. తెలుగు టైపు, ప్రింటరు, జీవన ప్రమాణ్ కోసం వాడే వేలిముద్ర యంత్రం పనిచేస్తాయో లేదో చూడండి. ఆ వేలిముద్ర యంత్రం దగ్గరే పేచీ రావచ్చు. ముఖ గుర్తింపు ఫోనులో అవుతుంది కనుక దానికి దారి ఉంది.

మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది. సంఘంలో ఒక్కరు దించుకుంటే చాలు, ఎంతమందికైనా రాసివ్వవచ్చు. లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. వచ్చే నెల సమావేశానికి ఖాళీ పెన్‌డ్రైవు, పాత ల్యాప్‌టాపు, దాని చార్జరు తెచ్చుకోండి. అందరికీ రాసిస్తాను.