కరువు పనీ, బడి హాజరూ

ఎవరి జ్ఞాపకంగా ఇవాళ కూడామో ఆ మాస్టారు హాజరు పిలుస్తూ, జవాబు రాని పేరు దగ్గర ఆగేవారు. "యాడికి పోయిండు?" అని అడిగేవారు. "బొంబాయి పోయిండ్రు సార్" అని పక్క పిల్లలు చెప్పేవాళ్లు. పేరు కొట్టేసేవారు కాదు. ఆ పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంచేవారు. ఆ ఖాళీ గడుల గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

మన ఊళ్లలో ఉపాధి హామీని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. "కరువు పనికి పోతున్నం" అంటారు. ఈ మాట చట్టం కన్నా చాలా పాతది. వానలు పడని ఏడు సర్కారు చెరువు కట్టకు మట్టి పోయించి ఇంత కూలి ఇచ్చేది. ఇస్తే ఇచ్చినట్టు, ఆపితే ఆపినట్టు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం దాన్ని హక్కు చేసింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లోగా చూపాలని, చూపలేకపోతే భృతి ఇవ్వాలని అందులో రాశారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు దేశం మొత్తంలో 200 జిల్లాలు తొలి విడతలోకి వచ్చాయి. వాటిలో ఉమ్మడి రాష్ట్రానికి చెందిన 13 జిల్లాల్లో పాలమూరు అని మనం పిలిచే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఊరి జనం పాత పేరే ఉంచుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కరువు ఇక్కడ ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే చుట్టం కాదు.

కరువు వెంటే వలస. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టల రాళ్లు ఎత్తింది పాలమూరు లేబరే. కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ దసరా ముందు ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్లి ఖర్చుకో పోతుంది. ఆలుమగలు కలిసి బయలుదేరతారు. ముసలి తల్లి ఉంటే పిల్లలను ఆమె దగ్గర వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అందరికన్నా తక్కువ అక్షరాస్యత మహబూబ్‌నగర్ జిల్లాదే, 55 శాతం. ఆ అంకెను చదివి ఇక్కడి జనానికి చదువంటే పట్టింపు లేదనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. తల్లిదండ్రులు నవంబరు నుంచి మే దాకా ఇంకో రాష్ట్రంలో ఉంటే పట్టింపు ఉండి ఏం లాభం?

ఊళ్లోనే పని దొరికితే ఆ పిల్లల బతుకు మారిందా? కొంత రుజువు మన దగ్గరే ఉంది. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ సమాచారం ఆధారంగా పరిశోధకులు ఫర్జానా అఫ్రీది, అభిరూప్ ముఖోపాధ్యాయ్, సోహం సాహూ గమనించింది ఇది: తల్లి ఉపాధి పనిలో ఎక్కువగా పాల్గొన్న ఇళ్లలో పిల్లలు బడిలో ఎక్కువసేపు ఉన్నారు, తరగతులు దాటడంలోనూ ముందున్నారు. కూలి తల్లి పేరున రావడం వల్ల నోటుబుక్కు కొనేటప్పుడు ఇంట్లో ఆమె మాటకు బరువు పెరిగిందని నేను అర్థం చేసుకున్నాను. కన్న తల్లులున్న ఈ సభకు దాన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

నల్లగొండ నుంచి ఇంకో రుజువు ఉంది. 2010 నుంచి 2012 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో కూలి డబ్బు వేలిముద్రల స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని దశలవారీగా పెట్టారు. వాటిలో నల్లగొండ ఒకటి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తాంకర్ ఫలితాలను కొలిచారు. పథకం సరిగ్గా నడిచిన చోట పేద కుటుంబాల రాబడి 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి కూలి కాదు, బయటి పని మీద వచ్చింది. ఊళ్లో ఇంకో పని ఉందని తెలిశాక రైతు దగ్గర కూలి అడిగే గొంతు మారుతుంది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేరు లేని ఇంటికి కూడా ఆ మేలు చేరుతుంది.

ఇక్కడ ఆగి సంతోషించి ఇంటికి పోదామంటే కుదరదు. మరో ఇద్దరు పరిశోధకులు మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ దేశమంతటి లెక్కలు చూసి, పథకం వచ్చిన చోట 13 ఏళ్లు నిండిన పిల్లల్లో బడి మానడం పెరిగిందని తేల్చారు. మగపిల్లలు కూలికి పోయారు. ఆడపిల్లలు ఇంటి పనికి ఆగిపోయారు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత నారాయణపేట వైపు ఒక పని స్థలంలో నేను చూసినవి గుర్తొచ్చాయి. వేపచెట్టు కింద చీర ఉయ్యాల. ఉయ్యాల ఊపుతున్న పిల్లకు పన్నెండేళ్లుంటాయేమో. ఏ తరగతి అని అడిగితే "ఆరు" అంది. కాసేపాగి "పోయినేడు" అంది. తల్లి కందకం తవ్వుతోంది. పని స్థలంలో ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 చట్టంలో రాసి ఉండేది. ఆ రోజు ఆ చెట్టు కింద నేను తొమ్మిదిమంది పసివాళ్లను లెక్కపెట్టాను. ఆయమ్మ లేదు. ఆయమ్మ చేయాల్సిన పని ఆ ఆరో తరగతి పిల్ల చేస్తోంది, కూలి లేకుండా. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలలో పూలకు చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ పనికి ఆడపిల్లలను పిలుచుకుపోయినప్పుడు మనమంతా గొంతెత్తాం. చెట్టు కింద ఉయ్యాల ఊపే పిల్ల మన కంటికి ఆనలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది నెలల సంగతి. కరువు పని మన దగ్గర జోరుగా సాగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆ రోజుల్లో ఎక్కువ భాగం బడికి సెలవులు. మేస్త్రీ వచ్చేది దసరాకు. అంటే బిడ్డ బడి విడిచి పోయే నెలల్లో పని పలచగా ఉంటుంది, సెలవుల్లో దండిగా ఉంటుంది. కూలి కూడా వారాలు, నెలలు ఆలస్యమైతే అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీయే నయమనిపిస్తుంది. వలస పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టళ్లు కొందరిని కాపాడాయి. కానీ తల్లి ఊళ్లో ఉండడానికీ, బిడ్డ హాస్టల్లో ఉండడానికీ చాలా తేడా ఉంది.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. రోజులు 125 అన్నారు. విత్తే కాలంలో, కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపే వీలు పెట్టారు. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతమైంది. దీని మీద వాదాలు చాలా ఉన్నాయి, వాటన్నిటిలోకీ పోను. ఒక్కటి అడుగుతాను. పాలమూరులో ఏ ఊరి పనుల ప్రణాళిక రాసేటప్పుడైనా ఆ ఊరి బడి హెడ్మాస్టరును పిలిచి, పోయినేటి హాజరు పట్టిక తెమ్మనండి. పిల్లలు ఏ నెలలో తగ్గారో ఆ నెలకు ముందే పని మొదలుపెట్టండి. పసిపిల్లలున్న చోట ఆయమ్మ పేరు మస్టర్‌లో మొదటి వరుసలో రాయండి.

మాస్టారి హాజరు పుస్తకం ఒకటి ఆయన ఇంట్లో ఉందని కుటుంబసభ్యులు చెప్పారు. ఈ పొద్దున వెళ్లి చూశాను. అంచులు చెదలు తిన్నాయి. నవంబరు పేజీలో ఖాళీ గడులు అలాగే ఉన్నాయి. మార్చిలో ఒక పేరు ఎదురుగా మాత్రం ఎర్ర సిరాతో "వచ్చింది" అని రాసి ఉంది.