పాత ఇంజన్, పాత సైకిల్, రెండు నీళ్ళ టిన్నులు

ఈ ఎపిసోడ్ మన ఉద్దానం తమ్ముళ్ళ కోసం. మిగతావాళ్ళు కూడా చూడండి, లెక్క అందరికీ ఒకటే.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి డిప్లొమా చదివే తమ్ముడు ఒకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్నకి కిడ్నీ జబ్బు. ఇంట్లో తాగడానికి టిన్ను నీళ్ళే. వాటర్ ప్లాంట్ నుంచి రోజూ రెండు టిన్నులు సైకిల్ మీద తెస్తన్నాను. ఇసక దారిలో తొక్కలేకపోతన్నాను. పాత ఇంజన్ పెట్టి మోటర్ సైకిల్ చేసుకోవచ్చా? స్పీడు ఎంత వస్తది?"

తమ్ముడూ, చేసుకోవచ్చు. కానీ స్పీడు గురించి అడగకు, లాగుడు గురించి అడుగు. ఒక్కో టిన్ను 20 లీటర్లు, అంటే రెండూ కలిపి 40 కిలోలు. నువ్వు, సైకిల్, ఇంజన్ కలుపుకుంటే 125 కిలోలు దాటిపోతాయి. ఈ బండి పని రేసు కాదు, మోత.

ముందు ఒక చిన్న కథ చెప్తాను. 1946లో జపాన్‌లోని హమమత్సులో ఒకాయన, యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన సైన్యం ఇంజన్లు కొన్నాడు. అవి వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్ ఇంజన్లు. వాటిని సైకిళ్ళకి బిగించాడు. మొదటి బండికి పెట్రోల్ ట్యాంకు ఏంటో తెలుసా? వేడినీళ్ళ కాపడం డబ్బా! ఆయనే సోయిచిరో హోండా. మొదట రబ్బరు రోలర్‌తో ముందు టైరుని తిప్పాలని చూశారు, టైర్లు తట్టుకోలేదు. తర్వాత బెల్టుతో వెనక చక్రం తిప్పారు. చూశారా, ఇంజన్ దొరకడం సులువే. ఆ బలాన్ని చక్రం దాకా ఎలా తీసుకెళ్ళాలన్నదే అసలు పని.

ఇప్పుడు మన పలాస, టెక్కలికి వద్దాం. పాత ఇనప సామాను కొట్లలో ఏ ఇంజన్ వెతకాలి? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు లక్షల్లో కొబ్బరి చెట్లు పడిపోయాయి కదా, వాటిని కొయ్యడానికి పెట్రోల్ రంపాలు వాడారు. రంపం ఇంజన్ కనిపిస్తే ఆశపడొద్దు. అది చాలా వరకు 25 సీసీ దాటిపోతుంది. మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్లలో బాగా కనిపించే ఇంజన్ 25.6 సీసీ. అదీ వద్దు.

ఈ 25 దగ్గర ఎందుకు ఆగాను? 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) చూడండి. నాలుగు కంటే తక్కువ చక్రాలు ఉండి, ఇంజన్ 25 సీసీ మించకపోతే దాన్ని మోటారు వాహనం అనరు. 25.6 అంటే మించినట్టే! పాత మోపెడ్ ఇంజన్ 50 సీసీ అయితే రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. ఇంట్లో చేసిన బండికి రిజిస్ట్రేషన్ అవ్వదు. కాబట్టి 25 సీసీ ఫోర్ స్ట్రోక్ గడ్డి కోసే మిషన్ ఇంజన్ వెతకండి. దాదాపు 1 హార్స్ పవర్ ఇస్తుంది. పెట్రోల్‌లో ఆయిల్ కలపక్కర్లేదు. పైగా సెంట్రిఫ్యూగల్ క్లచ్ దానికే ఉంటుంది.

కొనే ముందు తాడు మెల్లగా లాగండి. ఒక చోట గట్టిగా అడ్డుపడినట్టు ఉండాలి. వదులుగా తిరిగిపోతే కంప్రెషన్ లేదని అర్థం. తర్వాత ప్లగ్ తీసి, బాడీకి ఆనించి, పెట్రోల్‌కి దూరంగా తాడు లాగి స్పార్క్ చూడండి. ఈ రెండూ ఉంటే మిగతావి బాగు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. మన 28 సైజు చక్రం ఒకసారి తిరిగితే దాదాపు 2.2 మీటర్లు. గంటకి 20 కిలోమీటర్లంటే నిమిషానికి 333 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి 150 సార్లు తిరగాలి. ఇంజన్ తిరిగేది 6000 సార్లు. 6000ని 150తో భాగిస్తే 40. ఇంజన్ 40 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరగాలి. ఈ 40 అన్న నంబరే మన బండి ప్రాణం.

ఒక్క చైన్‌తో 40 రాదు. మధ్యలో ఒక షాఫ్ట్ పెట్టండి. ఇంజన్ వైపు 10 పళ్ళ నుంచి 60కి వస్తే 6 రెట్లు. షాఫ్ట్ నుంచి చక్రానికి 9 పళ్ళ నుంచి 60 అంటే దాదాపు 6.7 రెట్లు. గుణిస్తే 40. ఈ చైన్ ఎడమ వైపు పెట్టండి, కుడి వైపు పెడల్ చైన్ ఉన్నది ఉన్నట్టే ఉంచండి. రోలర్ వద్దు. తడి ఇసక అంటుకుంటే జారిపోతుంది.

మెత్తటి ఇసక వస్తే మొండిగా యాక్సిలేటర్ ఇవ్వొద్దు. స్పీడు పడిపోయాక క్లచ్ జారుతూనే ఉంటుంది, కాలి వాసన వస్తుంది. దిగి తోయండి, నామోషీ ఏం లేదు. టిన్నులు వెనక రెండు పక్కలా కిందకి వేలాడదీయండి. పైన పెడితే మలుపులో సైకిల్ ఒరిగిపోతుంది.

వెల్డింగ్ మాట. సైకిల్ పైపు పల్చన, ఆర్క్ వెల్డింగ్ పెడితే బెజ్జం పడుతుంది. క్లాంపులతో బిగించండి, లేదా ఇత్తడితో గ్యాస్ వెల్డింగ్ చేయించండి. చైన్లకి రేకు కవర్ తప్పనిసరి. లుంగీ అంచు, చున్నీ కొస ఇరుక్కుంటే మనిషే పడిపోతాడు.

బ్రేకులు. స్పీడు రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు. వెనక చక్రానికి బ్యాండ్ బ్రేక్ వేయించండి, ముందు కొత్త రబ్బర్లు వేయండి. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్ పెట్టండి. పెట్రోల్ ట్యాంకు సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి. ఇంజన్ బిగించే ముందే బ్రేకులు అవ్వాలి. బండి రెడీ అయ్యాక టిన్నుల నిండా మామూలు నీళ్ళు నింపి, ఖాళీ మైదానంలో ఆపి చూడండి.

ఇప్పుడు తమ్ముడికి ఒక్క మాట, సీరియస్‌గా. ఈ బండి మీద నాన్నని పలాస డయాలసిస్‌కి పంపించకు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోవచ్చు, కళ్ళు తిరగొచ్చు. ఫిస్టులా ఉన్న చేతికి దెబ్బ తగలకూడదు. ఆసుపత్రికి బస్సో ఆటోనో, పక్కన ఒక మనిషి. నేషనల్ హైవే 16 ఎక్కడం కూడా వద్దే వద్దు. చట్టం దీన్ని మోటారు వాహనం అనకపోవచ్చు గానీ, లారీకి ఆ సంగతి తెలీదు. ఇన్సూరెన్స్ లేదు, గుర్తుపెట్టుకో. హెల్మెట్ పెట్టుకో.

"అన్నా, బ్యాటరీ పెట్టొచ్చు కదా" అంటారు కొందరు. పెట్టొచ్చు. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల లోపు ఉంటే దానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చప్పుడూ ఉండదు. డబ్బులుంటే అదే మంచిది. కానీ పాత సామానుతో చేస్తే గేరు లెక్క, క్లచ్, బ్రేకు చేత్తో నేర్చుకుంటావు. నేను టెక్కలిలో బీటెక్ చదివినప్పుడు గేర్ రేషియో పరీక్ష కోసం రాశాను. నువ్వు ఇంట్లో నీళ్ళ కోసం లెక్క వేస్తన్నావు. నీ లెక్కకే విలువ ఎక్కువ.

తోటలో దారి, ఊళ్ళో దారి, ప్లాంట్ నుంచి ఇంటికి. ఈ బండికి ఇంతే ప్రపంచం. ఈ రోజే ఇంజన్ కొనెయ్యొద్దు. ముందు నీ చక్రం చుట్టుకొలత టేపుతో కొలిచి, నీ నంబరు ఎంతో తేల్చుకో. వచ్చే ఎపిసోడ్‌లో మధ్య షాఫ్ట్‌కి బేరింగులు ఎలా ఎంచుకోవాలో చూద్దాం. అందాకా జాగ్రత్త. ఉంటాను మరి!