మట్టికుండలోని క్రయపత్రము

(సంఘ కుటుంబముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సమయములో పాస్టరు దస్తావేజులను గూర్చి మాట్లాడుట యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. యిర్మీయా ప్రవక్త చెరలో నుండగా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. వెండి తూచి, పత్రము వ్రాసి, సాక్షులను పిలిచి, ఆ క్రయపత్రములను చెడిపోకుండ మట్టికుండలో పెట్టించెను. శత్రువు పట్టణమును ముట్టడించిన వేళ సహితము ఆయన కాగితము పనిని అశ్రద్ధ చేయలేదు. మేము చేసితిమి. ఆ సంగతి ముందుగా ఒప్పుకొందుము.

మేము వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటులో చేరిన దినములలో, ఒక గ్రామమున వృద్ధుడైన సంఘపెద్ద తన చేని ప్రక్కన ఆరు సెంట్లు ప్రార్థనాలయమునకు ఇచ్చెను. తెల్లకాగితముపై వ్రాసి వేలిముద్ర వేసెను. ముగ్గురు సాక్షి సంతకములు చేసిరి. రిజిస్ట్రేషను ఖర్చులకని ప్రోగుచేసిన సొమ్మును మేము పైకప్పు రేకులకు వాడితిమి. కాగితము పెట్టెలో భద్రముగా నున్నది గదా అనుకొంటిమి. మూడవ యేట ఆయన ప్రభువునందు నిద్రించెను. భార్య అంతకుముందే గతించెను. ఇద్దరు కుమారులు చేనంతయు అమ్మివేసిరి. కొన్నవారు రిజిస్టరు దస్తావేజుతో వచ్చిరి. అందలి హద్దులలో మా ప్రార్థనాలయము కూడ ఉండెను.

న్యాయవాది మా కాగితము చూచి తల ఊపెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము స్థిరాస్తి దానము రిజిస్టరు దస్తావేజు మూలముగానే జరుగవలెను. దాత సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. దాత బ్రతికియుండగానే పుచ్చుకొనువారు అంగీకరింపవలెను. అమ్మకమైనచో రూ. 100, అంతకు పైబడిన స్థిరాస్తికి రిజిస్ట్రేషను తప్పదు. వ్రాసి సంతకము చేసిన దస్తావేజును నాలుగు నెలలలోగా సబ్ రిజిస్ట్రారు ఎదుట దాఖలు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. అగ్రిమెంటు అమ్మకము కాదు. జనరల్ పవరుతో జరుగు అమ్మకము స్వామ్యమును బదలాయింపదని 2011లో సుప్రీంకోర్టు తేల్చెను.

అప్పుడు ఆ పెద్ద కుమార్తె వచ్చెను. విక్రయ దస్తావేజులో ఆమె సంతకము లేదు. ఆడపిల్లను అడుగ నక్కరలేదని అన్నలు తలంచిరి. కాని వీలునామా లేక మరణించిన క్రైస్తవుని ఆస్తి 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము పంచబడును. భార్య యున్నచో ఆమెకు మూడవ వంతు, మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానముగా. సెలోపెహాదు కుమార్తెలు మోషేయెదుట నిలిచి అడిగిన న్యాయమును మన సంఘములలో నేటికిని అనేకులు అడుగలేకున్నారు. అన్నలు అమ్మినది తమ రెండు వంతులే. తమది కాని హక్కును వారు ఇవ్వలేరు. ఆమె తన వంతు సొమ్ము పుచ్చుకొని సంతకము చేయుటకు ఒక్క షరతు పెట్టెను: “మా నాయన ఇచ్చిన ఆరు సెంట్లు దేవునివి. అవి వ్రాసియిస్తేనే చేస్తాను.” ఆ దినమే రెండు దస్తావేజులును రిజిస్టరు అయినవి. ఆమె లేనియెడల మా ప్రార్థనాలయము పోయియుండెడిది.

కనుక సహోదరులారా, స్థలము కొనునప్పుడు అమ్మువారికి హక్కు ఎట్లు వచ్చెనో లింకు దస్తావేజులు చూడుడి. ఇ.సి. తీయుడి; అయితే దానిలో రిజిస్టరు అయిన వ్యవహారములే కనబడును, తెల్లకాగితపు ఒప్పందములు కనబడవు. సర్వే నంబరును, నాలుగు హద్దులను చేనిలో నిలువబడి సరిచూడుడి. వారసులందరి సంతకములు, కుమార్తెలవి కూడ, ఉన్నవో లేవో చూడుడి. పన్ను రసీదు, మ్యుటేషను అవసరమే గాని అవి మాత్రమే హక్కును పుట్టింపవు. సంఘమునకు ఇచ్చు స్థలమును పాస్టరు పేరనో పెద్ద పేరనో వ్రాయింపక, సంఘ ఆస్తులను చట్టప్రకారము వహించు ట్రస్టు పేర వ్రాయింపుడి.

వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట మేలు. ఇద్దరు సాక్షులు మాత్రము ఉండవలెను. సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని అందులో వ్రాసినది చెల్లదు. దగ్గర బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యములకు వీలునామా వ్రాయుటకు పూర్వముండిన ప్రత్యేక నిర్బంధమును 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసినది.

మన పితరులు మాటమీద స్థలములిచ్చిరి. వారి మాట నిలిచినది. వారి పిల్లల కాలములో ఆ మాటను నిలుపవలసినది కాగితమే. ఈ వారము ఇంటికి వెళ్లి పెట్టె తెరువుడి. భార్యను, కుమారులను, కుమార్తెలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఏ కాగితము ఉన్నది, ఏది లేదు చూచుకొనుడి. లేనిదానిని మీరు బ్రతికియుండగానే వ్రాయించుడి. రేకులు తరువాత వేసికొనవచ్చును.