ఆనకట్టకు అద్దము వంటి నమూనా

(పాయకరావుపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తునిలో రైలు దిగి, తాండవ వంతెన దాటి ఈ సభకు వచ్చుచు మేము ఒక నిమిషము ఆగి ఏటిని చూచితిమి. నీరు సన్నని పాయగా పారుచున్నది. ఇసుకపై బట్టలు ఆరవేసియున్నారు. ఈ ఏరే వానకాలమున ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. 2012 నవంబరులో నీలం తుఫాను వెంట కురిసిన వానలను మీలో పెద్దలు మరచియుండరు.

ఎగువను, నాతవరం మండలమున, తాండవ జలాశయము కలదు. దాని పూర్తి నీటిమట్టము 380 అడుగులు. పాత విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాలలో కలిపి ఏబది వేల ఎకరములకు పైగా దాని క్రింద సాగగుచున్నది. ఆ నీటితో పండిన ధాన్యము మన గాదెలలో ఉన్నది. ఆ తలుపులు ఎత్తినపుడు వచ్చు నీరును మన గుమ్మముల ప్రక్కనుండియే పోయి పెంటకోట కడ సముద్రమున కలియును. కావున ఆనకట్ట ఎట్లు కట్టవలెను, ఎట్లు కాపాడవలెను అను విషయము ఇంజనీర్లకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. ఇంజనీర్లు నేడు దేశదేశములలో అవలంబించుచున్న ఒక నూతన పద్ధతిని గూర్చి మీకు నాలుగు మాటలు చెప్పుటకే మేము వచ్చితిమి. దానిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అందురు. పొడి మాటలలో ‘బిమ్’ అని పిలుచుచున్నారు. మనము కట్టడ సమాచార నమూనా అని చెప్పుకొందము.

పేరు చూచి బెదరవలదు. మీ గ్రామమునకు సర్వే పటము కలదు. అందు చేను ఆకారమున్నది, హద్దులున్నవి. అడంగలు వేరుగా కలదు. అందు చేను ఎవరిది, ఏ పంట వేసిరి అను వివరములున్నవి. రెండును రెండు చోట్ల ఉండుటచే ఎన్ని తగవులు వచ్చినవో పంచాయతీలో కూర్చున్నవారికి తెలియును. పటములోని చేనిపై వేలు పెట్టగానే అడంగలు అంతయు అక్కడనే కనిపించినచో? బిమ్ అనునది ఆనకట్ట విషయమున అట్టి ఏర్పాటే. కంప్యూటరులో ఆనకట్ట పొడవు, వెడల్పు, ఎత్తులతో యథాతథముగ నిలిచియుండును. ఒక తలుపును తాకినచో అది ఏ ఉక్కుతో చేసినది, ఎంత బరువు, ఎవరు బిగించిరి, కడపటిసారి గొలుసు మార్చినదెప్పుడు అను విషయములన్నియు తెలియును.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఆ మహానిర్మాణము కాగితములపై గీచిన పటములతో కట్టినదే. అందుచే కాగితము పనికిరానిదని మేము అనము. చిక్కు ఎక్కడ వచ్చుననగా, రాతికట్టుబడి పటము ఒకరు గీతురు, తలుపుల పటము మరియొకరు, విద్యుత్తు తీగల గొట్టముల పటము వేరొకరు. గొట్టము పోవలసిన చోట ఇనుప కడ్డీలు ఉన్నవని పని నడుచునపుడు గాని బయటపడదు. అప్పుడు కాంక్రీటును పగులగొట్టుటే గతి. నమూనాలో ఈ మూడింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో ఆ ఢీకొనుట ముందుగనే కనిపించును. కట్ట ఎత్తు ఒక అడుగు పెంచినచో ఎంత మట్టి, ఎంత రాయి, ఎంత రూకలు అధికమగునో అక్కడికక్కడే లెక్క తేలును.

నార్వే దేశమున గ్లొమ్మా నదిపై వామ్మా అనుచోట 2019లో ప్రారంభించిన జలవిద్యుత్ కేంద్రమును కాగితపు పటములు లేకుండ, ఈ నమూనాను చూచియే నిర్మించిరి. మేస్త్రి చేతిలోని పలకలో కడ్డీ ఎక్కడ వంచవలెనో కనిపించుచుండెను. మట్టికట్టల విషయమున మనకు ఇంకను దగ్గరి ఉదాహరణము చైనాలోని నువోజాదు ఆనకట్ట. మట్టి గర్భముతో, రాతి పూతతో, రెండువందల అరువది మీటర్లకు మించిన ఎత్తున కట్టినది. మట్టికట్టకు ప్రాణము దిమ్మిస. పొర మరీ మందమైనను, తడి తక్కువైనను, రోలరు నడువవలసినన్ని మార్లు నడువకున్నను, ఆ పొర లోపల బలహీనముగ ఉండిపోవును. పైన ఇంకొక పొర పడిన పిమ్మట దానిని కనిపెట్టువారు లేరు. అక్కడ రోలర్లకు ఉపగ్రహ సంకేతములు అందుకొను పరికరములు అమర్చి, ఏ పొరపై ఎన్నిమార్లు నడిచినదియు ఎప్పటికప్పుడు నమూనాలో ఎక్కించిరి. లెక్క తప్పిన చోటికి రోలరును తిరిగి పంపిరి. మన ఊరి చెరువు గట్టు వేయించునపుడు, "బాగుగా తొక్కించితిమండీ" అను మాట తప్ప వేరు సాక్ష్యము లేక మీరెన్నిసార్లు సంతకము చేసిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

అయినను, మా అభిప్రాయములో ఈ పద్ధతి అసలు విలువ కట్టునపుడు కంటె కట్టిన తరువాతనే ఎక్కువ. కట్టుట పదేండ్ల పని. కాపాడుట నూరేండ్ల పని. కట్టిన ఇంజనీరు పదవీ విరమణ చేయును. అతని వెంట తెలివిడి కూడ పోవును. కొన్నేండ్ల క్రిందట ఒక కచేరీలో పాత తూము పటము చూపుడని మేము కోరితిమి. గుమాస్తాగారు ఎంతో మర్యాదగా బీరువా తెరచిరి. పటము ఉన్నది గాని, తూము ఉండవలసిన చోట చెదలు తినిన రంధ్రమున్నది. అందరమును నవ్వితిమి. బయటకు వచ్చిన పిమ్మట మాకు నవ్వు రాలేదు.

తుంగభద్ర సంగతి మీరు పత్రికలలో చదివియుందురు. 2024 ఆగస్టు 10 రాత్రి 33 తలుపులలో 19వ దాని గొలుసు తెగి, తలుపు ప్రవాహమున కొట్టుకొనిపోయినది. నీరు పారుచుండగనే, తలుపుల నిపుణులు కన్నయ్యనాయుడుగారి సలహాతో ఇనుప పలకలు దింపి, సుమారు ఒక వారమునకు దానిని మూసిరి. డెబ్బది ఏండ్ల నాటి తలుపునకు కొత్త పలక చేయవలెనన్నచో దాని కొలతలు అంగుళము తప్పకుండ వెంటనే చేతికి రావలెను. ప్రతి గొలుసుకు వయస్సు, చివరి పరీక్ష తేదీ ఒకచోట వ్రాసియున్నచో, తెగకముందే మార్చవలసిన గొలుసేదో తెలియుటకు వీలుండును. అంతకు మూడేండ్లు ముందు, 2021 నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు తెగినది. దిగువ గ్రామములలో ప్రాణనష్టము జరిగినది. అక్కడివారును మనవలెనే ఏటి ఒడ్డున కాపురముండిరి.

ఆ సంవత్సరమే పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. 2021 డిసెంబరు 30 నుండి అది అమలులోనికి వచ్చినది. 15 మీటర్లకు మించిన ప్రతి ఆనకట్టకు వానలకు ముందును, తరువాతను తనిఖీ జరుగవలెను. నమోదు పుస్తకము ఉండవలెను. అపాయము వచ్చినపుడు ఏమి చేయవలెనో తెలుపు అత్యవసర కార్యాచరణ ప్రణాళికను, పాత ఆనకట్టలకు సైతము, చట్టము అమలైన అయిదేండ్లలో సిద్ధపరుపవలెను. ఈ పనులకు బిమ్ తప్పనిసరియని చట్టము చెప్పలేదు. కాని నమోదులన్నియు ఒకచోట నిలుచుటకు ఇంతకన్న మంచి తావు మాకు కనిపించుటలేదు. కట్టి అర్ధశతాబ్దము గడచిన ఆనకట్టకును నమూనా చేయవచ్చును. డ్రోనును ఎగురవేసి, లేజరు కిరణముతో కొలిచి, మిగిలిన పాత పటములతో సరిచూచి దానిని తయారుచేయుదురు.

ఒక మాట దాచకుండ చెప్పవలెను. నమూనా తలుపునకు గ్రీజు పూయదు. గట్టుపై తుమ్మచెట్టు నరుకదు. అందు ఎక్కించిన అంకె తప్పైనచో అది ఆ తప్పునే అందముగ చూపును. కచేరీలో అద్దాల గదిలో కంప్యూటరు వెలుగుచుండగా, కట్టమీద కాపలాదారుని టార్చిలైటులో బ్యాటరీ లేని స్థితి రాకూడదు.

ఇక మీ పాలు. వరదనీరు ఏ మేరకు వచ్చునో చూపు పటము ఎంత గొప్పదైనను, క్రిందటి ఏడు ఏటి గర్భమున వేసిన పాకలు, పూడిపోయిన మురుగుకాలువ, కొత్తగా ఎత్తుచేసిన రోడ్డు అందులో లేనిచో అది పాత ఊరి పటమే. ఆ వివరములు మీకు తప్ప ఎవరికి తెలియును? నడువలేని వృద్ధులు ఏ ఇంట ఉన్నారో, రాత్రివేళ దండోరా వేయుటకు ఎవరు సిద్ధముగ ఉందురో, ఎత్తైన బడి తాళముచెవి ఎవరియొద్ద ఉన్నదో పంచాయతీ వ్రాసి ఇయ్యవలెను. జలాశయపు ఇంజనీరుగారిని గ్రామసభకు పిలిచి, ఎంత నీరు విడిచినచో మన వీధిలోనికి ఎన్ని గంటలకు వచ్చునని అడుగుడు. అడుగుట మీ హక్కు.

గట్టు మొదట ఊట కనిపించినచో భయపడవలదు. తేటనీటి ఊట మట్టికట్టలకు సహజము. ఆ నీరు బురదగా మారినచో, లేక నిన్నటికంటె ఎక్కువైనచో, కట్టలోని మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గ్రహించి ఆ గడియలోనే కబురు పంపవలెను. తెల్లవారనిండని ఆగరాదు.

సభకు ముందు ఒక వార్డు సభ్యులు, ఇట్టి నమూనా మా ఊరి చెరువునకు కూడ చేయింతురా అని అడిగిరి. చిన్న చెరువునకు అంత హంగు అక్కరలేదు. నూరు పుటల నోటుపుస్తకము చాలును. మొదటి పుటలో గట్టు పొడవు, ఎత్తు, మదుము అడుగుమట్టము, అలుగు వెడల్పు వ్రాయుడు. ఏటేట మృగశిరకు ముందొకసారి, సంక్రాంతికి ఒకసారి అదే చోట నిలిచి ఫోటో తీసి అంటించుడు. గండి పడిన చోటు, పూడ్చిన తేదీ, ఎన్ని బండ్ల మట్టి వేసిరి అను లెక్క దాని క్రిందనే వ్రాయుడు. పుస్తకమును పంచాయతీ కార్యాలయమున ఉంచుడు, సర్పంచిగారి ఇంట కాదు.